ట్విలైట్ జోన్ పీడకలలు: ‘పర్‌చాన్స్ టు డ్రీమ్’, ‘షాడో ప్లే’లలో ఏది మేలు?

అమెరికన్ టీవీ సిరీస్ ‘ది ట్విలైట్ జోన్’లో కలల భయం మీద వచ్చిన ఎపిసోడ్లలో అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. ‘పర్‌చాన్స్ టు డ్రీమ్’ 1959 నవంబర్ 27న, ‘షాడో ప్లే’ 1961 మే 5న ప్రసారమయ్యాయి. రెండూ చార్లెస్ బోమాంట్ రాసినవే, ఒక్కోటి పాతిక నిమిషాలే. ముగింపుల జోలికి పోకుండా వీటిని తూచలేం కాబట్టి, చూడనివాళ్లు చూశాకే చదవండి.

మొదటిదాంట్లో ఎడ్వర్డ్ హాల్ (రిచర్డ్ కాంటే) 87 గంటలుగా నిద్రపోలేదు. గుండె జబ్బు మనిషి, ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చి తన గోడు చెప్పుకుంటాడు. రాత్రి రాత్రికీ అతని కల సీరియల్లా ముందుకు సాగుతోంది. జాతరలో మాయా అనే నర్తకి అతణ్ణి రోలర్ కోస్టర్ ఎక్కించింది. మళ్లీ నిద్రపోతే ఆ భయానికి గుండె ఆగుతుంది, మేలుకునే ఉంటే అలసటకు ఆగుతుంది. దయ్యం అక్కర్లేకుండా రెండు వైపులా దారి మూసేశాడు బోమాంట్. దర్శకుడు రాబర్ట్ ఫ్లోరీ జాతర దృశ్యాల్లో కెమెరాను పక్కకు ఒరిగించి తీశాడు. తెర మీద గీత ఏదీ తిన్నగా నిలబడదు, చూసేవాళ్ల కాళ్ల కింద నేల కదులుతుంది.

‘షాడో ప్లే’లో ఆడమ్ గ్రాంట్‌కు (డెనిస్ వీవర్) మరణశిక్ష పడుతుంది. ఇదంతా తన కలేననీ, తనను ఎలక్ట్రిక్ కుర్చీలో కూర్చోబెడితే మిగతావాళ్లంతా మాయమైపోతారనీ అతని వాదన. ఇక్కడ భయం కల కనేవాడిది కాదు, కలలో ఉన్నవాళ్లది. ఆలోచనగా ఇదే గొప్పది. జైలు గురించి తనకు తెలిసిందంతా సినిమాల్లో చూసిందేనని గ్రాంట్ అంటాడు. ఆ ఒక్క మాటతో సెట్లు కృత్రిమంగా కనిపించడం కూడా కథలో భాగమైపోతుంది. స్విచ్ వేయగానే లోకం ఆరిపోయి, మళ్లీ అదే కోర్టు, అవే ముఖాలు, వేరే పాత్రల్లో. చిక్కల్లా నడిమి భాగంతోనే. పాత్రికేయుడు, ప్రాసిక్యూటర్ వాదించుకుంటున్నంతసేపూ భయం చల్లారిపోతుంది. పైగా గ్రాంట్ చావు మళ్లీ మళ్లీ వచ్చేది, హాల్‌ది ఒక్కసారే.

అందుకే భయం కావాలంటే నా ఓటు ‘పర్‌చాన్స్’కే. ఆలోచన కావాలంటే ‘షాడో ప్లే’. 1986లో దాన్ని మళ్లీ తీశారు గానీ, ముందు 1961 నాటిదే చూడండి. ‘ట్వంటీ టూ’ (1961 ఫిబ్రవరి 10) కూడా ఈ సిరీస్‌లోని పీడకల కథే. దాన్ని ఫిల్మ్ మీద కాక వీడియో టేపు మీద తీయడంతో నీడలకు లోతు లేదు, అందులో వచ్చే మార్చురీ కలకు పట్టు తగ్గింది.

‘పర్‌చాన్స్’ రెండోసారి చూసేటప్పుడు హాల్ డాక్టర్ గదిలో సోఫా మీద వాలే క్షణాన్ని పట్టుకోండి. చివర్లో డాక్టర్ చెప్పేదాన్ని బట్టి, అతను పడుకోగానే నిద్రపోయాడు, ఒక కేక వేసి చనిపోయాడు. అంటే మనం విన్న కథంతా ఆ కాసేపటి కలే. మాయా ముఖం బయట కూర్చున్న రిసెప్షనిస్టుదే. అలాంటప్పుడు ముందటి రాత్రుల కలలు నిజంగా వచ్చాయా, లేక అవి కూడా ఆ సోఫా మీదే పుట్టాయా? బోమాంట్ ఆ ముడి విప్పలేదు. విప్పకపోవడమే సరైన పని.