ఇంటి కాటుకను దేనితో రంగరించాలి: నెయ్యా, ఆముదమా?

ఇంట్లో కాటుక పట్టే పద్ధతిని గోదావరి జిల్లాల ఆడవాళ్ళకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. గుంటగలగరాకు రసంలో తడిపి నీడన ఆరబెట్టిన నూలుగుడ్డను వత్తిగా చేసి, ఆముదం పోసిన ప్రమిదలో వెలిగించి, పైన గంధం పూసిన ఇత్తడి పళ్ళెం బోర్లించి, తెల్లవారాక మసిని గీకి తీసుకోవడం చాలా ఇళ్ళలో చూసినదే. ఏళ్ళ తరబడి ఈ కాటుకే వాడుతున్నాను కాబట్టి, ఆ తరువాత జరిగే పని గురించి, అంటే మసిని రంగరించడం గురించి చెప్పాలని ఉంది. ఆకు గురించి, నందివర్ధనం పువ్వుల గురించి, పళ్ళెం ఇత్తడిదా రాగిదా అన్న దాని గురించి అందరూ శ్రద్ధగా మాట్లాడతారు. రంగరించే దగ్గరకు వచ్చేసరికి మాత్రం నెయ్యో ఆముదమో ఏదో ఒకటి వేసుకోమంటారు. మన డెల్టా గాలిలో ఆ రెండూ ఎంతమాత్రమూ ఒకటి కావు.

మొదట్లో నేనూ ఆవునెయ్యితోనే రంగరించేదాన్ని. నేతి కాటుక కంటికి ఇచ్చే సుఖం మాటలకు అందదు. వేలి కొసతో తీస్తే వెన్నలా వస్తుంది, రెప్ప అంచున గరుకు అన్నదే తగలదు, కన్ను మండదు. బజారులో కొన్న వాటర్‌ప్రూఫ్ పెన్సిల్ గీతను రాత్రిపూట రుద్ది రుద్ది తుడిచేసరికి నా రెప్పలు ఎర్రబడేవి. ఈ కాటుక చుక్క కొబ్బరినూనె అద్దిన దూదితో ఒక్కసారికే వచ్చేస్తుంది. చుట్టాలందరికీ నేతి కాటుకనే చేసుకోమని చెప్పాను. ఆ మాట కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఉండే రోజులకు ఇప్పటికీ నిజమే, అది కూడా ఉదయం, సాయంత్రం వేళల్లో.

ఆ నేతి కాటుక నన్ను నిలువునా ముంచింది వైశాఖమాసంలో, పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో జరిగిన దగ్గరివాళ్ళ పెళ్ళిలో. పెళ్ళికూతురికి కళ్ళు దిద్దే పని నాకు అప్పగించారు. ముహూర్తం పగటిపూట. తాటాకు పందిరి కింద గాలి కదలక, పక్కనున్న కాలువలో నీళ్ళు కూడా లేక, ఉక్కపోత ఊపిరాడనివ్వడం లేదు. గదిలో ఫ్యాను కింద దిద్దినప్పుడు కాటుక ఎంతో తీరుగా ఉంది. ఫొటోలు తీసే అబ్బాయి కూడా కళ్ళు బాగా వచ్చాయన్నాడు. పందిట్లో కూర్చున్న కాసేపటికే కింది రెప్ప అంచు నుంచి నలుపు జారడం మొదలైంది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి రెండు కళ్ళ కిందా బూడిదరంగు మరక పాకింది. నేను చేతిరుమాలు కొసతో అద్దుతున్నకొద్దీ అది మరింత పరుచుకుంది, ఎందుకంటే అక్కడున్నది కరిగిన నెయ్యి, దానిలో తేలుతున్న మసి. తలంబ్రాల వేళకు పూర్తిగా తుడిచేసి ఉత్త కళ్ళతోనే కూర్చోబెట్టవలసి వచ్చింది. ఆ పిల్ల ఒక్కమాట అనలేదు. కానీ ఆ ఫొటోలు ఆ ఇంట్లో ఎప్పటికీ ఉంటాయి కదా, ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

కారణం వెతికితే చాలా సూటిగా దొరికింది. నెయ్యి 30 డిగ్రీలు దాటుతుంటేనే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. కంటి దగ్గర వేడి మామూలు రోజుల్లోనే సుమారు 34 డిగ్రీలు ఉంటుంది. అంటే రెప్ప మీద పెట్టిన క్షణం నుంచే నేతి కాటుక కరుగుతూ ఉంటుందన్నమాట. చలిగాలి ఆడే రోజుల్లో ఆ కరుగుడు నెమ్మదిగా సాగుతుంది. సముద్రపు తేమ, పంటచేల తేమ కలిసి చెమట ఆరనివ్వని మన వేసవిలో దానికి అడ్డే ఉండదు. ఎండ ఇంతకంటే ఎక్కువగా కాసినా గాలి పొడిగా ఉండే ఊళ్ళలో చెమట త్వరగా ఆరిపోతుంది కాబట్టి, అక్కడివాళ్ళు మెచ్చుకున్న కాటుక ఇక్కడ నిలవకపోవడంలో వింత లేదు.

దారి చూపించింది మా మేనత్త. "నేతి కాటుక ఎండలకి ఆగదమ్మాయ్. ఆముదంతో రంగరించుకో, కాస్త తేనెమైనం కూడా తగిలించు" అన్నారు. ఆముదంలో 85 నుంచి 90 శాతం దాకా ఉండే రిసినోలియిక్ ఆమ్లం వల్ల అది మిగతా నూనెలకంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది, అందుకే జారడానికి బద్ధకిస్తుంది. తేనెమైనం 62 డిగ్రీలు దాటితే గాని కరగదు కాబట్టి ఆ ముద్దకు వెన్నెముకలా నిలుస్తుంది. చెంచాడు ఆముదానికి శనగగింజంత మైనం వేసి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, దించాక మసిని కొంచెం కొంచెంగా చేర్చి, చల్లారేదాకా రంగరిస్తూనే ఉండాలి. మధ్యలో ఆపితే మైనం పలుకులు కడుతుంది. పలుకు కంటిలో పడితే కలిగే బాధ నేను చెప్పనక్కరలేదు.

తరువాతి ఏడాది ఇంచుమించు అలాంటి ఎండలోనే అంబాజీపేట వైపు జరిగిన మరో పెళ్ళికి ఈ కాటుకే పెట్టాను. అప్పగింతల వేళ ఆ అమ్మాయి కళ్ళనిండా ఏడ్చింది. పై రెప్ప గీత చెక్కుచెదరలేదు. కింది రెప్పన కొంచెం మసకబారిందే తప్ప చెంప మీదికి రాలేదు. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఆ రోజు తరువాత మా ఇంట్లో వేసవి కాటుకకు నెయ్యి ముట్టలేదు.

అయితే ఇందులోనూ లోట్లు ఉన్నాయి. రెప్ప లోపలి తడి అంచున పెడితే ఏ కాటుకైనా నిలవదు, ఇదీ నిలవదు. గింజలు వేయించి, దంచి, ఉడికించి తీసిన వంటాముదంతో రంగరిస్తే వాసన ఘాటుగా ఉంటుంది; గానుగ ఆముదాన్ని పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టి వాడితే నయం. చలువ కోసమని పచ్చకర్పూరం వేసేవారున్నారు. ఆ చల్లదనం నాకూ ఇష్టమే గాని, రవ్వ ఎక్కువైతే మంట తప్పదు, అందుకే ఈ మధ్య మానేశాను. వేసవిలో కాలువలు కట్టేసి గట్లు ఎండిపోతే గుంటగలగర దొరకదు. వత్తిగుడ్డలు ముందే చేసి పెట్టుకోవాలి, అవి లవలేశం తడి లేకుండా ఆరాలి.

సీసం భయం వల్ల ఇంటి కాటుకకు మారినవాళ్ళకు ఒక మాట. కొన్ని సుర్మాలలో సీసపు ఖనిజం ఉండడం నిజం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి కోల్‌ను (సుర్మా, కాటుక వంటివాటికి ఇంగ్లీషులో వాడే పేరు) సౌందర్య సాధనాల్లో రంగుగా అనుమతించదు. దీపపు మసిలో ఆ సీసం ఉండదు. కానీ మసి అనేది సగం కాలిన నూనె నుంచి వచ్చేది, దానిలో ఆరోగ్యానికి మంచివి కాని హైడ్రోకార్బన్లు కూడా ఉండవచ్చు. అందువల్ల ఇంట్లో చేసినది కాబట్టి పూర్తిగా నిరపాయమని నేను ఇదివరకు అన్నంత గట్టిగా ఇప్పుడు అనను. పసిపిల్లల కళ్ళకు ఏ కాటుకా పెట్టవద్దని వైద్యులు చెబుతున్నారు. మా ఇంట్లో అరికాలికి చుక్క పెట్టి ఊరుకుంటున్నాము.

నేను ఎక్కువగా ఇంటిపట్టున ఉండేదాన్ని, నా రెప్పలు జిడ్డు లేనివి, పెళ్ళిళ్ళకు తప్ప ముదురుగా దిద్దుకునే అలవాటు లేదు. నావంటి వారికి ఆముదం, మైనం కలిసిన కాటుక మంచి తోడు. రోజూ రావులపాలెం నుంచి రాజమండ్రికి బస్సులో వెళ్ళి ఉద్యోగం చేసుకునే మా చెల్లెలికి మాత్రం సాయంత్రానికి కళ్ళ కింద నీడ పడుతూనే ఉంది; ఆమె పని రోజుల్లో పెన్సిలే వాడుతుంది, సెలవు రోజున నా భరిణె అడుగుతుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారికి, కళ్ళు తరచుగా ఎర్రబడేవారికి నేను దీన్ని ఇవ్వను.