ఇద్దరికీ రెండు వీసాలు: చియాంగ్ మాయ్, హువా హిన్, పెనాంగ్‌లలో ఐదు వారాలు

2025 ఫిబ్రవరి రెండో వారంలో హైదరాబాద్ నుంచి బయలుదేరినప్పుడు నా చేతిసంచిలో మూడు ఫైళ్లున్నాయి. నీలం రంగుది థాయ్‌లాండ్ వీసా నిబంధనలది, ఇంకొకటి మలేసియాది, మూడోదానిలో మా ఇద్దరి రక్తపరీక్షలు, మందుల చీటీలు. నేను బ్యాంకు అధికారిగా, మావారు నీటిపారుదల శాఖ ఇంజనీరుగా పదవీ విరమణ చేశాం. ఆయనకు 66 ఏళ్లు, నాకు 62. పిల్లలిద్దరూ డల్లాస్‌లో ఉన్నారు. వాళ్ల దగ్గర రెండుసార్లు ఆరేసి నెలలు ఉండి చూశాం. ప్రేమకు లోటు లేదు కానీ, కారు నడపని పెద్దవాళ్లకు అక్కడ గడప దాటే పని ఉండదు. ఇక్కడేమో మా వీధిలో కాలిబాటంతా బండ్లే. మోకాళ్ల నొప్పితో ఆయన సాయంత్రం నడక మానేసి రెండేళ్లయింది. చలికాలం నాలుగు నెలలు నడవడానికి చోటు, దగ్గరలో మంచి ఆసుపత్రి, మా పెన్షన్లతో గడిచే బతుకు ఎక్కడైనా దొరుకుతుందా అని వెతుక్కుంటూ వెళ్లాం.

రిటైర్మెంట్ వీసా అంటే గ్రీన్ కార్డు వంటిదని మా మిత్రులు చాలామంది అనుకుంటున్నారు. కాదు. అది పౌరసత్వం వైపు వేసే మెట్టు కాదు, ఉద్యోగం చేసుకోనివ్వదు. సొంత డబ్బు తెచ్చుకుని ఖర్చు పెట్టుకుంటూ ఉండండి, ఏటా వచ్చి కనబడండి అనడమే. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్లు దాటినవారికి రెండు దారులున్నాయి. 'ఓ-ఏ' వీసాను మన దేశం నుంచే దరఖాస్తు చేసుకోవాలి. పోలీసు ధ్రువపత్రం, వైద్య ధ్రువపత్రం, లక్ష డాలర్ల ఆరోగ్య బీమా చూపించాలి. రెండోది 'నాన్-ఓ'. దీనికి బీమా షరతు లేదు. డబ్బు లెక్క మాత్రం రెండింటికీ ఒకటే: బ్యాంకులో 8 లక్షల బాత్, లేదా నెలకు 65 వేల బాత్ ఆదాయం, లేదా రెండూ కలిపి ఏడాదికి 8 లక్షలు. మేము వెళ్లినప్పటి రేటులో 8 లక్షల బాత్ అంటే మన డబ్బులో 20 లక్షల పైచిలుకు. పదేళ్లకిచ్చే 'ఓ-ఎక్స్' వీసా 14 దేశాలవారికే పరిమితం, అందులో భారత్ లేదు. సంపన్న పింఛనుదారుల కోసం 2022లో తెచ్చిన మరో పదేళ్ల వీసాకు, అక్కడ పెట్టుబడి పెట్టనివారు ఏటా 80 వేల డాలర్ల ఆదాయం చూపాలి. ఆ పేజీ చదివి పక్కన పెట్టేశాను.

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ మీద నాకు మొదటినుంచీ ఆశ ఎక్కువ. 1296లో మంగ్‌రాయ్ రాజు కట్టించిన ఊరు. పాతపట్నం చుట్టూ చతురస్రంగా కందకం, దాని ఒడ్డున చెట్ల నీడ, అడుగడుగునా గుడి. సంతితాం అనే పేటలో నెలకు 14 వేల బాత్‌కు ఒక గది, వంటగది, హాలు ఉన్న ఇల్లు తీసుకున్నాం. ఇల్లు శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది. కరెంటును మాత్రం ఇంటివారు యూనిట్‌కు 8 బాత్ చొప్పున వసూలు చేశారు. ప్రభుత్వ ధర అందులో సగమే. అద్దె ఒప్పందం మీద సంతకం చేసేముందు కరెంటు లెక్క అడగాలని అప్పుడే తెలుసుకున్నాం. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి. 'టీఎం30' అంటారు. మా ఇంటివారు వారం దాటినా చేయలేదు. వీసా పొడిగింపు కోసం వచ్చినవారికి ఆ చీటీ లేకపోతే కిటికీ దగ్గరే పని ఆగిపోతుంది. నేను రోజూ వెళ్లి అడిగితే తొమ్మిదో రోజున ఇచ్చారు.

అయితే చియాంగ్ మాయ్‌కి మమ్మల్ని దూరం చేసింది గాలి. చుట్టూ కొండలు, మధ్యలో లోయ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మొక్కజొన్న చేలు తగలబెడతారు, అడవులూ అంటుకుంటాయి. పొగ పోవడానికి దారి ఉండదు. మొదటి రోజు బాల్కనీలోంచి దోయ్ సుతేప్ కొండ మీది బంగారు గోపురం మెరుస్తూ కనిపించింది. పదో రోజుకు కొండే కనిపించలేదు. మావారికి పొడి దగ్గు పట్టుకుంది. ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే అరగంటలో డాక్టరు చూశారు, ఎక్స్‌రే, మందులు కలిపి 2,600 బాత్ అయింది. డాక్టరు ఓపికగా మాట్లాడారు. "ఈ మూడు నెలలు ఇక్కడ ఉండకండి" అని నేరుగా చెప్పిన ఆ నిజాయితీకి నేను రుణపడి ఉంటాను. నవంబరు నుంచి జనవరి వరకే అయితే ఆ ఊరికి సాటి వచ్చేది లేదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఉండవద్దు.

అక్కడే ఒక ఏజెంటును కలిశాం. నేను నిబంధనలు అడుగుతుంటే ఆయన నవ్వి, "8 లక్షలు మీరు తేవలసిన పని లేదు, మేమే మీ ఖాతాలో వేసి, కాగితం రాగానే తీసేసుకుంటాం, దానికి ఇంత రుసుము" అన్నాడు. 36 ఏళ్లు బ్యాంకు కౌంటరుకు ఇవతల కూర్చున్నాను. అప్పు తెచ్చిన డబ్బును సొంత డబ్బుగా చూపితే ఏమంటారో నాకు బాగా తెలుసు. మరొకరి దేశంలో, పాస్‌పోర్టు వాళ్ల చేతిలో పెట్టి, ఈ వయసులో అటువంటి పని చేయడం ఎంత ప్రమాదమో ఎంతమందికి తోస్తుంది? అక్కడినుంచి లేచి వచ్చేశాం. ఈ వీసా గురించి ఆలోచిస్తున్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: డబ్బు లేకపోతే వెళ్లవద్దు, ఉంటే మీ డబ్బే చూపించండి.

హువా హిన్ బ్యాంకాక్‌కు దక్షిణంగా 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీరపు ఊరు. రాజకుటుంబం వేసవి విడిది. ఎరుపు, తెలుపు రంగుల పాత చెక్క రైల్వే స్టేషను చూస్తే ఎవరికైనా మనసు నిలుస్తుంది. రైళ్లు ఇప్పుడు పక్కనే కట్టిన కొత్త ఎత్తైన స్టేషనులో ఆగుతున్నాయి. ఇక్కడ రెండు వారాలు ఉన్నాం. తెల్లవారుజామున అలలు వెనక్కి తగ్గినప్పుడు గట్టి ఇసుక మీద మావారు మొదటి రోజు పావుగంట నడిచారు, ఆఖరు రోజుకు యాభై నిమిషాలు నడిచారు. నాకు ఆ ఒక్క లెక్క చాలు. తిండి విషయంలో శాకాహారులకు ఒక మాట: కూరగాయల వంటకంలోనూ చేపల సారం పోస్తారు. పసుపు రంగు జెండా మీద ఎర్రగా 'జే' అని థాయ్ అక్షరాల్లో రాసి ఉన్న దుకాణాల్లో మాత్రం మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, వెల్లుల్లి కూడా వేయరు. మేము రోజూ ఒక పూట అక్కడే తిన్నాం. కరివేపాకు దొరకలేదు, పోపు వేసిన ప్రతిసారీ ఆ లోటు తెలిసింది.

మా పక్క వాటాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేవారు. డెబ్బై దాటాయి. ఒకరోజు సాయంత్రం నా నీలం ఫైలు చూసి, "మీ వీసా మీ పేరునా, ఆయన పేరునా?" అని అడిగారు. ఆయన పేరున తీసుకుంటే నేను ఆధారితురాలిగా ఉండవచ్చు, నాకు వేరే డిపాజిట్టు అక్కరలేదు, 20 లక్షలు మిగులుతాయి అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తన భర్త పోయిన వారంలో ఏమైందో తర్వాత చెప్పారు. ఆయన మీద ఆధారపడిన అనుమతి ఆయనతోనే పోయింది. ఇల్లు గడవడానికి ఉంచుకున్న డబ్బంతా ఆయన ఖాతాలో ఉంది, మరణవార్త తెలియగానే బ్యాంకు ఆ ఖాతా నిలిపేసింది. కోర్టు వారసత్వ నిర్వాహకుణ్ణి నియమించేదాకా ఒక్క బాత్ కదలదు. అంత్యక్రియల ఏర్పాట్లు చేస్తూనే, తన పేరున 8 లక్షలు ఎక్కడినుంచి తేవాలా అని ఆవిడ తిరగవలసి వచ్చింది. ఇంగ్లండులో అన్నగారు పంపబట్టి నిలబడ్డారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకులో ఉన్నప్పుడు ఎందరో భార్యలు భర్త పాస్‌బుక్కు పట్టుకుని నా బల్ల ముందు నిలబడటం చూశాను. నామినీ లేక, వారసత్వ ధ్రువపత్రం లేక, సొంత ఊళ్లోనే నెలల తరబడి తిరిగారు. అదే పని పరాయి దేశంలో, భాష తెలియకుండా, వీసా గడువు తరుముతుండగా చేయాలంటే? అప్పటినుంచి ప్రతి కార్యాలయంలోనూ, ప్రతి ఏజెంటునూ నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే: మాలో ఒకరు పోతే మిగిలినవారి కాగితం నిలుస్తుందా? ఖర్చు, అద్దె, వాతావరణం ఆ తర్వాతే.

మలేసియాలోని పెనాంగ్‌కు రైలులో వెళ్లాం. రాత్రి హువా హిన్‌లో ఎక్కితే ఉదయానికి సరిహద్దు స్టేషను పాదాంగ్ బెసార్. రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ ఆ ఒక్క భవనంలోనే జరుగుతాయి. మోకాళ్ల నొప్పులవారు కింది బెర్తు అడిగి తీసుకోవాలి, కొంచెం ధర ఎక్కువైనా వెడల్పుగా ఉంటుంది. అక్కడినుంచి లోకల్ రైలులో బటర్‌వర్త్, ఆపైన పడవలో పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్ టౌన్.

దిగిన గంటలోనే మావారి ముఖం వికసించింది. లిటిల్ ఇండియా వీధిలో ఇడ్లీ ఆవిరి, మల్లెపూల దండలు, కట్టలు కట్టలుగా కరివేపాకు. 1833 నాటి మహా మారియమ్మన్ గుడి మెట్ల మీద మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే, ఒక ముసలావిడ ఆగి, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. వాళ్ల తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి, పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటల్లో పనిచేశారట. ఆవిడ ఎన్నడూ మన దేశం రాలేదు. అయినా ఉగాదికి పచ్చడి చేస్తారు, మనవలకు లెక్కలు తెలుగులో నేర్పారు. మా చేతులు పట్టుకుని వదల్లేదు. వీసా, డిపాజిట్టు ఏమీ లేకుండా, కూలీ ఒప్పందం మీద వచ్చినవారి మనవరాలు ఆవిడ. నా సంచిలోని ఫైళ్లు ఆ క్షణంలో చాలా తేలికైన వస్తువుల్లా అనిపించాయి.

ఊరు, తిండి, ఆసుపత్రులు చూస్తే నా ఓటు పెనాంగ్‌కే. ఇంగ్లిషు అందరికీ వస్తుంది. ఇండోనేసియాలోని సుమత్రా నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. ఎండ, ఉక్క మాత్రం ఎక్కువ, మార్చిలో ఉదయం పదకొండు గంటలు దాటితే బయటికి వెళ్లలేకపోయాం. కాలిబాటలు కూడా హువా హిన్ తీరంలా మోకాళ్లకు సుఖంగా లేవు. అసలు అడ్డు వీసా దగ్గరే వచ్చింది. 'మలేసియా మై సెకండ్ హోమ్' పథకం 2002లో మొదలైనప్పుడు మనలాంటి పింఛనుదారులకు అందుబాటులోనే ఉండేది. 2021లో నిబంధనలు బిగించారు. 2024లో మార్చాక అన్నిటికంటే కింది తరగతి అయిన సిల్వర్‌కే లక్షన్నర డాలర్ల డిపాజిట్టు, పైగా కనీసం 6 లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి, పదేళ్లు అమ్మకూడదు. రెండూ కలిపితే దాదాపు రెండున్నర కోట్ల రూపాయలు. మా హైదరాబాద్ ఫ్లాటు అమ్మినా చాలదు. చాలినా, తిరిగి రావడానికి ఇల్లు లేకుండా చేసుకుని వెళ్లడం ఈ వయసులో నేను ఒప్పుకోను. జొహోర్‌లోని ఫారెస్ట్ సిటీ ప్రత్యేక మండలంలో 50 దాటినవారికి డిపాజిట్టు 32 వేల డాలర్లే. మాకు కావలసింది పెనాంగ్ గనుక అటు వెళ్లలేదు. ఫిలిప్పీన్స్ 1985 నుంచీ విశ్రాంత విదేశీయుల కోసం ప్రత్యేక సంస్థ నడుపుతోంది. తుపాన్ల భయంతో దాన్ని ఇంట్లోనే పక్కన పెట్టాం.

తిరిగి వచ్చాక లెక్క మళ్లీ వేశాను. హువా హిన్‌లో ఇద్దరికీ విడివిడిగా వీసా అంటే 40 లక్షల రూపాయలు అక్కడి బ్యాంకులో. ఏటా చేయించుకునే వీసా పొడిగింపు వచ్చాక మూడు నెలల వరకు ఆ డబ్బు కదపకూడదు, ఆపైన 4 లక్షల బాత్ వరకు దించవచ్చు, మళ్లీ దరఖాస్తుకు రెండు నెలల ముందే నింపాలి. పొడిగింపు రుసుము మనిషికి 1,900 బాత్. మధ్యలో ఇండియాకు వచ్చి వెళ్లాలంటే ముందుగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, ఒకసారికైతే 1,000, ఎన్నిసార్లయినా అయితే 3,800 బాత్. అది లేకుండా దేశం దాటితే వీసా రద్దయినట్టే. ఎడతెగకుండా ఉంటే 90 రోజులకోసారి చిరునామా తెలపాలి. మన వైపు నుంచి, ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటి పంపితే పై మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది, పోయే డబ్బు కాదు. ఇక్కడ నివాసిగా ఉన్నంతకాలం ఆ విదేశీ ఖాతాను రిటర్నులో తప్పక చూపాలి. థాయ్‌లాండ్‌లో ఒక క్యాలెండరు ఏడాదిలో 180 రోజులు నిండితే అక్కడి పన్ను పరిధిలోకి వస్తాం, 2024 నుంచి బయటినుంచి తెచ్చుకున్న ఆదాయం మీద కూడా. నాలుగు నెలలకే పరిమితమైతే ఆ చిక్కు లేదు. నవంబరు జీవన ప్రమాణ పత్రం ఫోనులో ముఖం చూపి ఇవ్వవచ్చు కనుక పెన్షన్ల గురించి బెంగ లేదు.

"రెండు డిపాజిట్లు ఎందుకు, వడ్డీ పోతుంది కదా" అన్నారు మావారు. ఆ ఇంగ్లండు ఆవిడ పేరు చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు.

మొదటి చలికాలం వీసా లేకుండానే వెళ్తున్నాం. 2025లో మేము వెళ్లినప్పుడు భారతీయులకు 60 రోజులు ఇచ్చారు, ఇమ్మిగ్రేషన్‌లో మరో 30 పొడిగించుకునే వీలు అప్పుడు ఉండేది. ఆ మూడు నెలలూ ఆయన నడక, నా వంట, మా ఇద్దరి మనసు ఎలా ఉంటాయో చూసి, రెండో ఏడు నాన్-ఓ వేస్తాం. 1986లో అన్నవరం కొండ మీద జరిగిన మా పెళ్లికి ఇన్నాళ్లూ శుభలేఖ, ఫొటోలే రుజువు. గత వారం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించి ధ్రువపత్రం తెచ్చుకున్నాం. నీలం ఫైలును రెండుగా విడదీసి, ఒకదాని మీద ఆయన పేరు రాశాను. రెండోదాని మీద నా పేరు ఆయనే రాశారు.