కిటికీ అద్దం మార్పించాం: పనివారి గురించి నా అభిప్రాయం

ఇంటికి వచ్చి కిటికీ అద్దం మార్చిన ఈ పనివారికి నేను మంచి మార్కులే వేస్తున్నాను. కొత్త అద్దానికి కొలతలు తీసే ముందు పాతది ఎందుకు పగిలిందో వెతికారు, అందుకు. మా ఇంట్లో ఎవరి చెయ్యీ దానికి తగల్లేదు, బయటి నుంచి రాయీ వచ్చి పడలేదు. ఒక ఉదయం లేచి చూసేసరికి కింది మూల నుంచి మధ్య దాకా పగులు పాకి ఉంది. సాయంత్రానికి అది పై అంచుకు చేరింది. వీళ్ల కంటే ముందు పిలిచిన మరో సంస్థ మనిషి గుమ్మం దగ్గరే నిలబడి, "చట్రం పాతబడిందండీ, కిటికీ మొత్తం మార్చేయాలి" అని తేల్చేశారు. ఆ చట్రం గట్టి టేకు. ఇన్నేళ్లలో ఎక్కడా పుచ్చలేదు, రెక్క వాలలేదు. ముట్టుకుని చూడకుండా ఇచ్చిన ఆ తీర్పు నాకు నచ్చలేదు, వద్దని పంపేశాను.

ఈ రెండో దుకాణం నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి కిటికీ ముందు గొంతుకూర్చుని, పగులు వెంట చూపు సారిస్తూ కింది అంచు దాకా వెళ్లారు. "రాయి తగిలితే దెబ్బ పడిన చోటి నుంచి నలువైపులా గీతలు పోతాయమ్మా. ఎండ వేడికి పగిలితే అంచు దగ్గర తిన్నగా, అడ్డంగా కోసినట్టు మొదలవుతుంది. ఇది ఆ రెండింటిలోనూ చేరదు. కింద ఏదో నొక్కుతోంది" అన్నారు. లప్పం తవ్వి ముక్క బయటికి తీశాక చూస్తే ఆయన మాటే నిజం. గాడి అడుగున ఎప్పుడో కొట్టిన మేకు తుప్పుపట్టి ఉబ్బి ఉంది. సరిగ్గా దాని ఎదురుగా అద్దం అంచున గోరంత పెచ్చు లేచింది. ఇనుము తుప్పుగా మారితే ముందు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చెక్కకూ అద్దానికీ మధ్య సందు లేనప్పుడు ఆ ఒత్తిడంతా అంచు మీదే పడుతుంది. గాజు నొక్కుడును బాగానే ఓర్చుకుంటుంది గానీ, అంచున చిన్న గాటు పడ్డాక ఏ కాస్త లాగుడు వచ్చినా అక్కడి నుంచే చీలుతుంది. ఈ సంగతి నేను చాలా ఏళ్లు పిల్లలకు పాఠంగా చెప్పాను. చదువుకుని చెప్పిన నాకంటే చేత్తో నేర్చుకున్న ఆయన దాన్ని ముందుగా కనిపెట్టారు. ఆ మేకును అక్కడే వదిలేసి కొత్త అద్దం బిగించి ఉంటే, కొన్నాళ్లకు అదీ ఇదే దారి పట్టేది.

ఏ అద్దం వేయాలన్న చర్చకు మేం చాలా సమయమే తీసుకున్నాం. అది కింది వరుస అద్దం, మోకాలి ఎత్తు నుంచి మొదలవుతుంది. మా అమ్మ పగలంతా కూర్చునే కుర్చీ దాని పక్కనే. పాత అద్దం 3 మిల్లీమీటర్ల మామూలు గాజు. అలాంటిది పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. మళ్లీ అదే వేయించడానికి నా మనసు ఒప్పుకోలేదు. లామినేటెడ్ గాజు వేయమని అడిగాను. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు రాలకుండా ఆ పొరను అంటుకునే ఉంటాయని నా ఆలోచన. మేస్త్రి కాదనలేదు. గాడి లోతు కొలిచి చూపించారు. 3 మిల్లీమీటర్ల పలకలు రెండు, మధ్యలో పొర, అంతా కలిపి 6 మిల్లీమీటర్లు దాటుతుంది. అది కూర్చున్నాక లప్పానికి చోటు సరిపోదు. రెండో అభ్యంతరం నాకు ఇంకా నచ్చింది. "మీ కిటికీకి వాడేది నూనె లప్పం. ఆ నూనె అంచుల నుంచి ప్లాస్టిక్ పొరను పాడు చేస్తుందమ్మా, కొన్నాళ్లకు చుట్టూ తెల్లగా మసకబారుతుంది" అన్నారు. లామినేటెడే కావాలంటే లప్పం మానేసి, చెక్క బద్దలు కొట్టి, పుల్లటి వాసన రాని రకం సిలికాన్ వాడాలని కూడా చెప్పారు. పుల్లటి వాసన వచ్చే రకం గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది కూడా ఆ పొరకు పడదు.

చివరికి 4 మిల్లీమీటర్ల టఫెండ్ గాజు దగ్గర ఆగాం. మామూలు గాజును ముందు కావలసిన కొలతకు కోసి, అంచులు సాన పట్టి, 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొరలు ముందు బిగుసుకుంటాయి. లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ వాటిని లోపలికి లాగుతుంది. అందుకే అది అదే మందం మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు దృఢంగా ఉంటుంది. పగిలినా చిన్న చిన్న మొద్దు ముక్కలుగా రాలుతుంది. 17వ శతాబ్దంలో కరిగిన గాజు చుక్కను నీళ్లలో వేసి, తల మీద సుత్తితో కొట్టినా చెక్కుచెదరనిది తోక విరిస్తే పొడి కావడం చూసి రాజాస్థానాల్లో ఆశ్చర్యపోయారు. రూపర్ట్ యువరాజు పేరుతో ప్రసిద్ధమైన ఆ గాజు బిందువుల్లో ఉన్నదీ ఈ సూత్రమే. టఫెండ్ గాజుకూ ఒక బలహీనత ఉంది. మధ్యలో తగిలిన దెబ్బను తట్టుకున్నది మూల మీద గట్టి దెబ్బ పడితే మొత్తం రాలిపోతుంది. బిగించేటప్పుడు మూలలు కాపాడాలని మేస్త్రి తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడికి పదేపదే చెప్పడం విన్నాను.

ఒకసారి టఫెండ్ చేశాక ఇక కోయడం కుదరదు. కట్టర్ గీత పడితే పలకంతా పొడి పొడి అవుతుంది. కాబట్టి కొలత తప్పిందంటే ఆ అద్దం మీద ఆశ వదులుకోవలసిందే. కొలిచేటప్పుడు ఈయన తొందరపడకపోవడం అందుకే నాకు అంత నచ్చింది. వెడల్పు పైన, మధ్యన, కింద కొలిచారు. ఎత్తు కూడా అలాగే మూడు చోట్ల. అన్నింటిలో చిన్న సంఖ్య తీసుకుని, దాంట్లోంచి ఇంకో 4 మిల్లీమీటర్లు తగ్గించారు. చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు ఉంటే చెక్క వానకు ఉబ్బినా అద్దాన్ని నొక్కదు. తర్వాత మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు లాగి చూశారు. పాత చట్రం కదా, రెండు కొలతలూ కలవలేదు. వెంటనే అట్ట ఒకటి తెప్పించి, గాడిలో ఇమిడేలా కోసి, పైకప్పు వైపు ఏదో, లోపలి వైపు ఏదో దాని మీద రాసి పట్టుకెళ్లారు. పనివారిలో మంచిచెడ్డలు ఎలా తెలుస్తాయని ఎవరైనా నన్ను అడిగితే ఈ అట్టముక్క సంగతే చెబుతాను.

బరువు గురించి అడిగితే అదీ లెక్కగట్టి చెప్పారు. గాజు చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మా అద్దం 45 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు. అంటే పాతది దాదాపు 3 కిలోలు, కొత్తది 4. పెరిగిన ఆ కిలో బరువును బందులు మోయగలవా అని రెక్కను ఎత్తి, ఊపి చూసి, సడలిన మరలు బిగించారు. బందులకు విడిగా డబ్బు అడగలేదు.

బిగించే రోజు పని కళ్లారా చూశాను. ముందు పగిలిన అద్దం మీద టేపు అడ్డదిడ్డంగా అంటించి, కిటికీకి రెండు వైపులా దుప్పట్లు పరిచారు. తోలు తొడుగులు వేసుకుని పై ముక్కల నుంచి తీసుకుంటూ కిందికి వచ్చారు. కింది ముక్క ముందు లాగితే పైది జారి మణికట్టు మీద పడుతుందట. గాడిలోని పాత లప్పాన్ని ఉలితో చెక్క కనిపించేదాకా తీశారు. తుప్పు మేకును పటకారుతో లాగి నా చేతికిచ్చారు. ఆ తర్వాత వెంటనే లప్పం పెట్టేయకుండా, ఎండిపోయిన చెక్కకు అవిసె నూనె రాసి ఇంకనిచ్చారు. చాలామంది ఈ పని ఎగ్గొడతారు. నూనె లప్పం అంటే సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికిన ముద్ద. పొడి చెక్క దాంట్లోని నూనెను పీల్చేస్తే మిగిలేది సుద్దే. అది ఏడాది తిరగకుండా పెళ్లలుగా ఊడుతుంది.

అద్దాన్ని కూర్చోబెట్టే తీరు దగ్గరగా చూడదగినది. గాడి వెంట సన్నగా లప్పం పరిచి, అడుగున రెండు చిన్న ఆధారపు ముక్కలు పెట్టారు. ఒక్కొక్కటి మూల నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరంలో ఉంది. అద్దాన్ని వాటి మీద నిలిపి, నడుమ చేయి వేయకుండా అంచుల వెంటే బొటనవేళ్లతో నొక్కుతూ పోయారు. లోపలి వైపు లప్పం సన్నని తాడులా బయటికి ఉబికింది. తల లేని చిన్న మేకులు కొట్టేటప్పుడు సుత్తిని పైకెత్తలేదు, అద్దానికి ఆనించి జరుపుతూ కొట్టారు. బయటి వైపు లప్పాన్ని కత్తితో ఏటవాలుగా దిద్ది, మూలల్లో ఒక్కటే లాగు లాగారు. నీళ్లు నిలవకుండా జారిపోయే వాలు అది. ఎక్కడా చేయి తడబడలేదు.

లప్పం అంటిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకుండా విప్పి ఆరేసి తీసుకెళ్లారు. అవిసె నూనె నీరులా ఆవిరై ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. ఉండ చుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో ఈ పని సొంతంగా చేసుకునేవారు దీన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి.

వచ్చింది నిజంగా టఫెండ్ గాజేనా అని నేను విడిగా పరీక్షించాను. మూలన ముద్ర ఉంది. అయినా సెల్‌ఫోను తెర మీద పూర్తి తెలుపు పెట్టి అద్దం వెనక పట్టుకుని, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాల్లోంచి చూశాను. పక్క మామూలు అద్దంలో ఏమీ కనిపించలేదు. కొత్తదాంట్లో నీడల్లాంటి చారలు, మచ్చలు తేలాయి. లోపల బంధించిన ఒత్తిడి కాంతి నడకను మార్చడం వల్ల వచ్చే ఆనవాళ్లవి. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉన్నవారెవరైనా చూసుకోవచ్చు, కాకపోతే ఫోనును కాస్త అటూ ఇటూ తిప్పాలి.

మా అమ్మ చేసిన పరీక్ష వేరు. "అమ్మాయీ, దీంట్లోంచి చెట్టు తిన్నగా కనబడుతోంది" అంది. పై వరుసలోని పాత అద్దాల్లో మాను కాస్త వంకర్లు పోతుంది. అవి కరిగిన గాజును పైకి లాగి చేసిన పలకలు, అందుకే ఆ అలలు. కరిగిన తగరం మీద గాజును తేలించి పలకలు చేసే పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. ఇప్పుడు దొరికే కిటికీ గాజంతా దాదాపు ఆ పద్ధతిలో తయారైనదే కాబట్టి అలలు ఉండవు. పాత అద్దాలతో సరిగ్గా కలిసిపోవాలని కోరుకునేవారు ఈ తేడాకు ముందే సిద్ధపడాలి. మాకు ఇబ్బంది అనిపించలేదు.

ఇక నచ్చనివి. లోపలి వైపు ఉబికిన లప్పాన్ని ఆ కుర్రవాడు పొడి బ్లేడుతో గీకాడు. ఏటవాలు ఎండలో కింది మూలన సన్నని గీత కనిపిస్తోంది. సుద్దపొడి అద్ది మెత్తటి గుడ్డతో తుడిస్తే వచ్చేదానికి బ్లేడు ఎందుకు? ఫోను చేస్తే యజమాని స్వయంగా వచ్చి చూశారు, అద్దం మారుస్తామన్నారు. చూపుకు అడ్డం కాని చోట ఉంది, ఇంత చక్కగా కుదిరిన లప్పాన్ని మళ్లీ తవ్వించడం ఇష్టం లేక నేనే వద్దన్నాను. రెండోది, రసీదులో "కిటికీ అద్దం, ఒకటి" అని మాత్రమే రాశారు. మందం, రకం రాయలేదు. నేను అడిగి రాయించుకున్నాను. రేపు ఇంకెవరైనా ఈ అద్దం మార్చవలసి వస్తే ఆ ఒక్క ముక్క ఎంతో ఉపయోగం, అడగకుండానే రాసివ్వాలి. మూడోది, టఫెండ్ గాజు కొలతకు చేయించి తేవాలి కాబట్టి ఆలస్యం సహజమే గానీ, చెప్పిన రోజు దాటుతోందని ఒక్క ఫోను చేసి ఉండవలసింది. అట్టముక్కతో కప్పిన కిటికీ పక్కన ముసలావిడను కూర్చోబెట్టి ఎదురుచూడటం తేలిక కాదు.

రంగు వేయడం వాళ్ల పనిలో లేదు, ఆ మాట ముందే చెప్పారు. లప్పం పైన పొర కట్టేదాకా ఆగాలి, వాతావరణాన్ని బట్టి ఒకటి నుంచి మూడు వారాలు. వేసేటప్పుడు కుంచెను లప్పం దగ్గర ఆపకుండా అద్దం మీదికి 2 మిల్లీమీటర్లు రానివ్వాలి. లప్పానికీ గాజుకూ మధ్య వాన నీరు దిగకుండా ఆపేది ఆ సన్నటి రంగు అంచే. మేం అలాగే వేయించాం. తర్వాత కురిసిన వానల్లో లోపలి బద్ద తడవలేదు.

పై వరుస అద్దాల లప్పం కూడా ఎండి పగుళ్లిచ్చింది. పొడి రోజులు రాగానే ఆ పనీ వీళ్లకే ఇస్తున్నాను. ఆ పెద్ద మేస్త్రే రావాలని, బ్లేడు తేకూడదని ముందే చెప్పాను, సరేనన్నారు.