గనిలో ఖాళీలు నింపడానికి పేస్టా, ఇసుకా? ఏది మేలు?

సంక్రాంతికి గరివిడి వచ్చినప్పుడు మా మావయ్య అడిగాడు: "ఏట్రా, తవ్వి పైకి తీసిందాన్నే మళ్లీ లోపల పోస్తారటగా?" ఆయన మాంగనీసు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇటువైపు గనులు ఎక్కువగా పైనుంచి తవ్వేవే కాబట్టి ఆయనకు ఇది వింతే. నేను వేరే రాష్ట్రంలో ఒక భూగర్భ గనిలో, అలా లోపల పోసే ముద్ద తయారుచేసే పేస్ట్ ప్లాంటు షిఫ్టు చూస్తుంటాను.

ఖనిజం తీశాక మిగిలే ఖాళీ పేరు స్టోప్. దాన్ని అలా వదిలేస్తే గోడలు ఊడిపడతాయి. అందుకని మంచి ఖనిజాన్నే స్తంభాలుగా వదిలేయాల్సి వస్తుంది. ఖాళీ నింపితే ఆ స్తంభాల్లోనూ చాలావరకు తీసుకోవచ్చు. ఇంతకీ దేనితో నింపాలి?

తెలుగువాళ్లకు ఎక్కువ తెలిసింది సింగరేణి ఇసుక స్టోవింగ్. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ మాంగనీసు గనిలోనూ అదే వాడారు. ఇసుకను నీళ్లతో కలిపి పైపులో వదులుతారు. ఇసుక లోపల నిలుస్తుంది, నీరు వడిసి సంపులోకి చేరుతుంది, దాన్ని మళ్లీ పైకి పంపు చేయాలి. లోహపు గనుల్లో ఇసుకకు బదులు, మిల్లులో ఖనిజం వేరుచేశాక మిగిలే రాతిపొడి, అంటే టెయిలింగ్స్‌లోని మెత్తటి పొడిని, గిరగిర తిప్పి వేరుచేసే సైక్లోన్‌తో తీసేసి మిగతాది వాడతారు. ఖర్చు తక్కువ, పని సులువు. చిక్కంతా నీటితోనే. స్టోప్ మూతికి కట్టిన బారికేడ్ వెనక నీరు వడియకుండా నిలిస్తే గోడ బద్దలై బురద దూసుకొస్తుంది. 2000లో ఆస్ట్రేలియాలోని బ్రాంజ్‌వింగ్ బంగారు గనిలో ముగ్గురు అలాగే పోయారు.

పేస్ట్ తీరు వేరు. మావయ్యకు గంజి, ఇడ్లీ పిండి చూపించి చెప్పాను. గంజి కాసేపు కదపకపోతే మెతుకులు అడుక్కి పోతాయి. పిండి విడిపోదు. పేస్ట్‌కి ఆ గుణం మెత్తటి పొడి వల్లే వస్తుంది: 20 మైక్రాన్ల కంటే సన్నని రేణువులు కనీసం 15 శాతం ఉండాలి. అంటే అక్కడ సైక్లోన్‌తో తీసి పారేసేదే ఇక్కడ ప్రాణం. టెయిలింగ్స్‌ని థిక్‌నర్‌లో చిక్కబరిచి, ఫిల్టర్‌లో నీరు పిండి, మిక్సర్‌లో సిమెంట్ కలుపుతాం. ఆ ముద్ద పైపులో టూత్‌పేస్ట్‌లా మెల్లగా జారుతుంది. ఇసుక నీరైతే జోరుగా పారాల్సిందే, లేకపోతే పైపులోనే అడుగంటుతుంది.

పేస్ట్‌లో వడిసే నీరు చాలా తక్కువ. అలాగని బారికేడ్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. ముందు కొంత పోసి, గట్టిపడ్డాకే మిగతాది పోయడం మంచిది. ఇంకో లాభం, టెయిలింగ్స్‌లో దాదాపు సగం కిందికే వెళ్తాయి, పైన వాటిని నిల్వ చేసే చెరువంత డ్యామ్ భారం తగ్గుతుంది. మొత్తం మాత్రం పట్టదు, నలిగిన రాయి ఉబ్బుతుంది కదా.

నష్టాలూ ఉన్నాయి. ప్లాంటు కట్టడానికే బోలెడు డబ్బు కావాలి, తర్వాత రోజువారీ ఖర్చులో పెద్ద వాటా సిమెంట్‌దే. ఖనిజంలో గంధకం ఎక్కువుంటే మొదట బాగా గట్టిపడ్డ పేస్ట్ నెలల తర్వాత బలం కోల్పోవచ్చు. స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం) కలిపిన సిమెంట్ కొంత ఆదుకుంటుంది.

సిమెంట్ పాలు పోసిన రాతి ముక్కలతో నింపే మూడో పద్ధతీ ఉంది. బలం బాగుంటుంది కానీ బళ్లతో తోలాలి, పైకప్పు దాకా నిండదు.

నన్నడిగితే, ఖనిజం మేలైనదై, గనికి పదేళ్లకు పైగా ఆయువుంటే పేస్ట్. చిన్న గనికైతే సైక్లోన్ టెయిలింగ్స్ చాలు, పేస్ట్ ప్లాంటు మోయలేని బరువు. నది ఇసుక మాట మాత్రం ఎత్తను, ఇంటి పునాదికే చంపావతి ఇసుక కోసం తిరుగుతున్న రోజులివి.

అంతా విని మావయ్య, "కరెంటు పోతేనో?" అన్నాడు. అసలైన ప్రశ్న అదే. ఓ రాత్రి మాకు పోయింది. పైపులో పేస్ట్ కూర్చుంది, పైపు కడిగే ఫ్లషింగ్ నీటి పంపూ ఆగింది. తెల్లారేసరికి అది రాయి. మూడు రోజులు పైపులు కోసి తీశాం. ఇప్పుడు పేస్ట్ కిందికి దిగే బోర్‌హోల్ పక్కన ఎత్తులో నీళ్ల ట్యాంకు పెట్టారు, వాల్వు తిప్పితే పంపు లేకుండానే దిగుతుంది.