షార్ట్ కమ్యూనికేషనా, ఎడిటర్‌కు లేఖా?

రెండూ పరిశోధన పత్రికల్లో వచ్చే చిన్న రచనలే కాబట్టి చాలామంది వీటిని ఒకే గాటన కట్టేస్తారు. కానీ వీటి పని వేరు. షార్ట్ కమ్యూనికేషన్‌లో మీ సొంత ప్రయోగం, మీ సొంత డేటా ఉండాలి. పద్ధతి, ఫలితాలు క్లుప్తంగానైనా చెప్పాలి. రివ్యూయర్లు, అంటే అచ్చుకు ముందు పరిశీలించే నిపుణులు, దాన్ని మామూలు వ్యాసాన్ని చూసినట్టే చూస్తారు. ఎడిటర్‌కు లేఖ ఎక్కువగా ఆ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం మీద అభ్యంతరమో, చేర్పో. కొన్ని వందల పదాలు, నాలుగైదు రెఫరెన్సులు, అంతే. చాలాచోట్ల బయటి రివ్యూ కూడా ఉండదు.

ఈ తేడా మరిచిపోతే ఎంత ముప్పో చూడండి. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల లేఖ ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో నార్కోటిక్ మందులు (అలవాటుపడే ప్రమాదమున్న బలమైన నొప్పి మందులు) తీసుకున్న 11,882 మందిలో, పాత వ్యసనం లేనివాళ్లలో నలుగురికే కొత్తగా వ్యసనం కనిపించిందని అందులో రాశారు. మోతాదెంత, ఎన్నాళ్లు వాడారు, ఇంటికెళ్లాక ఏమైంది? ఆ వివరాల్లేవు. అయినా 600కు పైగా వ్యాసాలు దాన్ని ఉదహరించాయి, చాలావరకు వ్యసనం అరుదు అనడానికి రుజువుగానే. చివరికి 2017లో పత్రిక ఆ లేఖకు హెచ్చరిక జోడించింది. నాకు ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

పేరు చూసి మాత్రం పొరపడకండి. ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే భౌతికశాస్త్ర పత్రికలో ‘లెటర్’ అంటే పీర్ రివ్యూ (బయటి నిపుణుల పరిశీలన) జరిగే అసలు పరిశోధనే. అందుకే పంపేముందు ఆ పత్రిక రచయితలకిచ్చిన సూచనలు ఒకసారి చదవండి. చేతిలో కొత్త ఫలితం, అదీ చిన్నదే అయితే, షార్ట్ కమ్యూనికేషన్‌గానే పంపండి.