మాంటెరే కార్ వీక్: టికెట్టు దేనికి కొనాలి, దేనికి అక్కర్లేదు

ఆగస్టులో కాలిఫోర్నియా తీరంలో జరిగే మాంటెరే కార్ వీక్‌కి, అంటే పాత కార్ల వేలాలు, రేసులు, ప్రదర్శనలు అన్నీ ఒకే వారంలో జరిగే జాతరకి, వెళ్ళొచ్చాను. కారు కొనే ఉద్దేశం లేదు. నా గ్యారేజీలో 1972 డాట్సన్ 240జెడ్ అనే జపాన్ స్పోర్ట్స్ కారు ఒకటి విప్పేసి ఉంది, ఇంజన్ స్టాండు మీద, తలుపులు గోడకి ఆనించి, ఫ్లోరు సగం కోసేసి. ఫ్యాక్టరీలో వేసిన అతుకు అసలు ఎలా ఉండేది, ఏ బోల్టుకి పసుపు జింక్ పూత ఉండాలి, ఏది నల్లగా ఉండాలి లాంటివి ఫొటోల్లో ఎంత చూసినా తేలవు. దగ్గరికెళ్ళి, వీలైతే మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి చూడాల్సిందే. అందుకే ప్రతి చోటునీ ఒకే లెక్కన చూశాను: కారుకి ఎంత దగ్గరగా వెళ్ళనిస్తారు, అడిగితే చెప్పే మనిషి దొరుకుతాడా లేదా.

ముందు బస సంగతి చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. ఆ వారం మాంటెరే, కార్మెల్ హోటళ్ళ రేట్లు మామూలు రోజులకి ఎన్నో రెట్లు ఉంటాయి, పైగా ఒక్క రాత్రికి గది ఇవ్వం, కనీసం ఇన్ని రాత్రులు తీసుకోవాలి అంటారు. నేను శాలినాస్‌లో ఒక మోటెల్‌లో దిగాను. మంచం శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, అంతకుమించి ఏమీ లేదు. కాకపోతే కౌంటర్ దగ్గర బుకింగ్‌లో ఒక రాత్రి తక్కువ కనిపిస్తోందన్నారు, ఫోన్లో మెయిల్ తీసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. రాత్రి పొద్దుపోయాక అలాంటి టెన్షన్ ఎవరికీ వద్దు, కాబట్టి వెళ్ళేముందు ఫోన్ చేసి తారీఖులు మళ్ళీ ఒకసారి ఖాయం చేసుకోండి. శాలినాస్ నుంచి మాంటెరేకి హైవే 68 దగ్గరి దారి, కానీ రేసింగ్ ట్రాక్ గేటు కూడా ఆ రోడ్డు మీదే ఉంది, చాలా దూరం అటొక లేన్ ఇటొక లేన్ మాత్రమే, అందుకని ఉదయం ఎనిమిది దాటితే బండి కదలదు. బ్లాంకో రోడ్డు, రిజర్వేషన్ రోడ్డు మీదుగా మరీనా చేరి హైవే 1 పట్టుకుంటే దూరం కాస్త పెరిగినా ప్రాణానికి హాయి. రేసులే ముఖ్యం అనుకునేవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది: ట్రాక్ పక్కనే లగూనా సెకా కౌంటీ పార్కులో టెంట్ వేసుకోవచ్చు. దుమ్ము, చప్పుడు తప్పవు గానీ ట్రాఫిక్ అనే మాటే ఉండదు.

విమానం శాన్ హోసేకి తీసుకుని అక్కడ కారు అద్దెకి తీసుకోండి, రోడ్డు బాగుంటే గంటన్నర లోపు ప్రయాణం. స్వెటర్ తప్పకుండా పెట్టుకోండి. ఆగస్టు కదా అని పల్చటి చొక్కాలతో వచ్చినవాళ్ళు పొద్దున్నే తీరం వెంబడి పొగమంచులో వణుకుతూ కనిపించారు. అదే మధ్యాహ్నం కొండ వెనక ట్రాక్ దగ్గర ఎండ మాడ్చేస్తుంది.

ఇక వేలాలు. ఒకే వారంలో నాలుగైదు కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి వేలం వేస్తాయి. నేను ఎక్కువసేపు గడిపింది మీకమ్ అనే కంపెనీ వేలం దగ్గర, హయత్ రీజెన్సీ హోటల్ ఆవరణలో, డెల్ మాంటే గోల్ఫ్ కోర్సు పక్కన. మిగతా చోట్ల సంఖ్య తక్కువ, కార్లు ఏరి కోరి తెచ్చినవి. ఇక్కడ వందల కార్లు గడ్డి మీదా టెంట్ల కిందా వరుసగా నిలబెట్టి ఉంటాయి, మస్తాంగ్‌లు, కార్వెట్‌లు, పాత పోర్షాలు, మధ్యమధ్యలో కోట్ల విలువ చేసే ఫెరారీలు. నాలాంటి వాళ్ళకి అసలైన బడి ఇదే. వేలం మొదలవకముందు ప్రివ్యూ సమయంలో కార్ల మధ్య తిరగొచ్చు, చాలావాటికి బానెట్ తెరిచే ఉంటుంది, అమ్మేవాళ్ళో వాళ్ళ మనుషులో పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారు. మర్యాదగా అడిగితే తలుపు తీసి చూపిస్తారు, టార్చ్ వేసి కింద చూసుకోమంటారు. చెయ్యి వేసేముందు మాత్రం అడగాలి. పెయింట్ కింద రేకుందో పుట్టీ ఉందో చూసే అయస్కాంతం జేబులో ఉన్నా తియ్యకండి, పెయింట్ మీద గీత పడితే ఆ గొడవ ఇంతా అంతా కాదు.

అక్కడ ఏం చూడాలి అంటే, పెయింట్ మెరుపు ఆఖరికి. ముందు తలుపుల చుట్టూ సందు చూడండి, పైనుంచి కిందికి ఒకే వెడల్పులో ఉందా, కింద విచ్చుకుని ఉందా. తర్వాత రబ్బరు బీడింగ్ అంచులు: దాని మీద పెయింట్ తుంపర కనిపిస్తే అద్దాలు, రబ్బర్లు తియ్యకుండానే పెయింట్ కొట్టేశారని అర్థం. ఆ తర్వాత అతుకులు. ఫ్యాక్టరీలో రేకులు కలిపేది స్పాట్ వెల్డింగ్‌తో, కాబట్టి అంచు వెంబడి సమాన దూరంలో చిన్న గుండ్రటి నొక్కులు కనపడాలి. అవి లేకుండా నున్నగా ఉన్నా, పొడుగ్గా వెల్డింగ్ గీత ఉన్నా అక్కడ రేకు మార్చారన్నమాట. మార్చడం తప్పేమీ కాదు, నా కారులో నేనూ అదే చేస్తున్నాను. కానీ కేటలాగ్‌లో ఆ మాట ఉందా లేదా అన్నదే ప్రశ్న. కింద మందంగా నల్ల తారు పూత తాజాగా కొట్టి ఉంటే నాకు మాత్రం అనుమానమే. తుప్పు కప్పడానికి అంత సులువైన పద్ధతి ఇంకోటి లేదు.

వరుసల్లో ఒక 240జెడ్ దొరికింది, ఎరుపు రంగు. ఈ కార్లకి తుప్పు పట్టే చోట్లు ఖాయంగా ఉంటాయి: బ్యాటరీ ట్రే కింద, ఫ్లోరు కింద నుంచి వెళ్ళే ఫ్రేమ్ రెయిల్స్, ముందు ఫెండర్ వెనక మూల, వెనక చక్రం ముందు ఉండే మడత. బ్యాటరీ ట్రే చూశాను, రేకు అసలుదే. ఇంజన్ గదిలో ఉండే ప్లేటు మీద ఇంజన్ నంబరు, బ్లాకు మీద చెక్కిన నంబరు ఒకటే. కార్బరేటర్లు కూడా అప్పటి హిటాచీ ఎస్‌యూ రకానివే, ఎవరూ వాటి బదులు వెబర్ కంపెనీవి బిగించలేదు. పక్కనున్న పెద్దాయన, కారు ఆయనదే, ఫ్యూయల్ పైపు క్లిప్పులు ఏ దిక్కుకి తిరిగి ఉండాలో కూడా ఓపికగా చూపించారు. ఆ ఫొటోలు ఇప్పుడు గ్యారేజీ గోడ మీద ఉన్నాయి. ఈ మోడల్‌ని కొత్తలో అమెరికాలో 3,526 డాలర్లకి అమ్మారు. 2020 జనవరిలో బ్రింగ్ ఎ ట్రెయిలర్ ఆన్‌లైన్ వేలంలో ఒక 1971 కారు 3,10,000 డాలర్లు పలికింది. ఆ ఒక్క ధర చూసి ప్రతివాడూ తన తుప్పు కారుకీ అంతే వస్తుందనుకోవడం వల్ల విడిభాగాల రేట్లు పెరిగాయని మా బోటివాళ్ళందరి బాధ.

ఆర్ఎమ్ సోథబీస్ వేలం మాంటెరే ఊళ్ళో కాన్ఫరెన్స్ సెంటర్లో, గుడింగ్ వాళ్ళది పెబుల్ బీచ్ లోపల. ఇక్కడ లైట్లు, కుర్చీలు, మర్యాదలు అన్నీ బాగుంటాయి, కార్లు మ్యూజియంలో పెట్టాల్సినవి, కానీ తాడు కట్టి ఉన్నచోట మనం తాడు ఇవతలే. పాట పాడే తీరులోనే తేడా తెలుస్తుంది. మీకమ్‌లో అంకెలు ఊపిరి తీసుకోకుండా గడగడా పాడేస్తారు, కారు స్టేజీ మీదకి వచ్చి వెళ్ళేది నిమిషాల్లో. గుడింగ్‌లో నెమ్మదిగా, ఒక్కొక్కరిని చూసి మాట్లాడుతూ, నవ్విస్తూ లాక్కొస్తారు. 2021లో మెక్‌లారెన్ ఎఫ్1 ఒకటి గుడింగ్ వాళ్ళ పెబుల్ బీచ్ వేలంలోనే 2.04 కోట్ల డాలర్లు దాటింది. రోడ్డు మీద నడిపేందుకు చేసిన ఎఫ్1లు మొత్తం 64 మాత్రమే.

కొనాలనుకునేవాళ్ళు ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. సుత్తి పడ్డప్పటి ధర మీరు కట్టే ధర కాదు. 2018లో ఇదే మాంటెరేలో ఆర్ఎమ్ సోథబీస్ అమ్మిన ఫెరారీ 250 జీటీఓ మీద సుత్తి పడింది 4.4 కోట్ల డాలర్ల దగ్గర. పేపర్లలో వచ్చింది మాత్రం 4,84,05,000. ఆ తేడా అంతా బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ళ దగ్గర వేలం కంపెనీ తీసుకునే రుసుము, మొదటి 2,50,000 మీద 12 శాతం, ఆపై మొత్తం మీద 10 శాతం. చిన్న కారు కొన్నా ఇలాంటి ప్రీమియం ఉంటుంది, దాని పైన పన్ను, ట్రక్కు రవాణా. బిడ్డర్‌గా నమోదు చేసుకోవాలంటే గుర్తింపు కార్డుతో పాటు బ్యాంకు ఉత్తరం లాంటివి ముందే పంపాలి. ఇంకోటి, రిజర్వ్ ధర (ఇంతకి తక్కువైతే అమ్మనని అమ్మకందారు ముందే పెట్టుకున్న ధర) ఉన్న కారుకి ఆ ధర వచ్చేదాకా అమ్మకందారు తరఫున వేలంపాటదారే పాట పెంచొచ్చు, కేటలాగ్ వెనక నిబంధనల్లో రాసే ఉంటుంది. గదిలో ఇంకెవరో పోటీ పడుతున్నారనుకుని చెయ్యి ఎత్తేముందు, రిజర్వ్ దాటిందన్న ప్రకటన వచ్చిందా లేదా చూసుకోవాలి. కొనే ఉద్దేశం లేకపోతే ఈ పెద్ద వేలాలు ఇంట్లో కూర్చుని లైవ్‌లో చూసుకోవచ్చు, ఆ టికెట్టు డబ్బు రేసులకి పెట్టండి.

ఎందుకంటే నాకు ఆ వారం మొత్తంలో బాగా నచ్చింది లగూనా సెకాలో జరిగే పాత కార్ల రేసులు, మోటర్‌స్పోర్ట్స్ రీయూనియన్. దీనికో చరిత్ర ఉంది. 1950లో మొదలైన పెబుల్ బీచ్ రేసులు అడవి రోడ్ల మీద, చెట్ల మధ్య నుంచి జరిగేవి. 1956లో ఎర్నీ మెకాఫీ అనే డ్రైవరు చెట్టుకి గుద్దుకుని చనిపోవడంతో అవి ఆగిపోయి, మరుసటి ఏడాదే ఈ ట్రాక్ కట్టారు. కార్క్‌స్క్రూ అనే మలుపు దగ్గర నిలబడితే కారు కొండ మీంచి కనపడకుండా మాయమై, అయిదంతస్తుల ఎత్తు కిందికి జారి కుడివైపు తేలుతుంది. టీవీలో ఆ వాలు తెలియదు. అసలు గొప్పతనం ప్యాడాక్‌ది. మామూలు టికెట్టుతోనే కార్లు రిపేరు చేసుకునే టెంట్ల మధ్య తిరగొచ్చు. రేసు నుంచి వచ్చిన కారు బానెట్ తీసి, వేడి ఇంజన్ మీద కార్బరేటర్ సర్దుతున్న మెకానిక్‌ని చూస్తూ నిలబడిపోయాను. చేతిలో పని అయ్యాక ఆయనే పిలిచి, ఎస్‌యూలలో రెండూ సమానంగా గాలి పీల్చేలా ఎలా సరిచూస్తారో చెప్పారు. డాట్సన్ అభిమానులకి ఇంకో మాట: 1970, 71లలో జాన్ మోర్టన్ అనే రేసు డ్రైవరు అమెరికాలో సీ ప్రొడక్షన్ అనే తరగతి చాంపియన్‌షిప్ గెలిచింది బీఆర్ఈ జట్టు 240జెడ్‌తోనే, ఆ ఎరుపు తెలుపు రంగుల్లో వేసిన కార్లు ఇలాంటి చోట్ల కనిపిస్తే మా గుండె ఆగినంత పనవుతుంది.

ఆదివారం పెబుల్ బీచ్ కాంకూర్ సంగతి, అంటే పాత కార్ల అందాల పోటీ. టికెట్టు వందల డాలర్లు, షటిల్ బస్సు కోసం వరుస, మధ్యాహ్నానికి జనం భుజాలు రాసుకుంటూ నడవడం. ఒక్కసారి చూడాలి, అది మాత్రం గట్టిగా చెప్తాను. కానీ చూడాల్సింది తెల్లవారుజామున, సముద్రం పక్కన గడ్డి మీదకి ఆ కార్లు సొంత ఇంజన్‌తో నడుచుకుంటూ వచ్చే సమయంలో. చీకట్లో హెడ్‌లైట్లు, పెట్రోలు వాసన, ఎనభై తొంభై ఏళ్ళ ఇంజన్ల చప్పుడు. పది దాటాక వచ్చేవాళ్ళకి టికెట్టు డబ్బులో సగం విలువే దక్కుతుంది. అంత డబ్బు పెట్టలేనివాళ్ళు గురువారం ఇవే కార్లు రోడ్డు మీద తిరిగే టూర్ చూడండి, రోడ్డు పక్కన నిలబడటానికి పైసా అక్కర్లేదు. ద క్వెయిల్ అనే శుక్రవారం వేడుకకి నేను వెళ్ళలేదు, ఆ టికెట్టు ధర నా గ్యారేజీ బడ్జెట్‌లో ఒక గేర్‌బాక్సు. సీసైడ్‌లో జరిగే కాంకూర్ డి లెమన్స్ మాత్రం ఉచితం, తుప్పు పట్టిన, వింత కార్ల పోటీ, యజమానులు గంటలు గంటలు మాట్లాడతారు. గ్యారేజీలో పని చేసేవాళ్ళకి అక్కడ స్నేహితులు దొరుకుతారు.

కాంకూర్‌లో 2024లో జరిగిన ఒక విషయం నా పనినే మార్చింది. ఆ ఏడాది అత్యున్నత బహుమతి 1934 బుగాటీ టైప్ 59 కి వచ్చింది, ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గర ఉన్న కారు, నలుపు మీద పసుపు గీత. రీస్టోర్ చెయ్యని, ఉన్నది ఉన్నట్టు కాపాడిన కారుకి అక్కడ ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. పెయింట్ అరిగి, తోలు పగిలి ఉన్న కారు, నిగనిగలాడే కార్లన్నిటినీ దాటింది. నా 240జెడ్ డ్యాష్‌బోర్డు మీద పగుళ్ళున్నాయని కొత్తది తెప్పిద్దామనుకున్నాను. ఆపేశాను. లోపలి సీట్లు, స్టీరింగ్, మీటర్లు శుభ్రం చేసి అలాగే ఉంచుతాను, డబ్బంతా రేకు మీదే పెడతాను.

తిరిగి వెళ్ళేటప్పుడు శాన్ హోసే దారి నుంచి కొంచెం పక్కకి తిరిగి స్కాట్స్ వ్యాలీలో కనేపా మ్యూజియం చూడండి. ప్రవేశం ఉచితం, రేసు కార్లు చాలా ఉన్నాయి, పైనుంచి చూస్తే కింద వర్క్‌షాపు కనిపిస్తుంది. పోర్షా 959 అంటే పిచ్చి ఉన్నవాళ్ళు అసలు వదలకూడదు, అమెరికా ప్రమాణాలకి సరిపడని అరుదైన కార్లని పరిమితంగా నడపనిచ్చే షో ఆర్ డిస్‌ప్లే అనే నిబంధనే ఆ కారుని అక్కడి రోడ్ల మీదకి తెచ్చింది, దానికోసం పోరాడినవాళ్ళలో ఈ మ్యూజియం పెట్టిన బ్రూస్ కనేపా ఒకరు. ఆ నిబంధన కింద ఏడాదికి 2,500 మైళ్ళు దాటకూడదు. పాతికేళ్ళు నిండిన కార్లకి ఎలాగూ భద్రతా ప్రమాణాల మినహాయింపు ఉంది కాబట్టి 959కి ఇప్పుడు ఆ బాధ లేదు. నేను అక్కడ అరగంట అనుకుని రెండు గంటలు ఉన్నాను, విమానం సాయంత్రం కావడం వల్ల సరిపోయింది. మీరు వెళ్ళేముందు వేళలు చూసుకుని, అక్కడికి కనీసం సగం రోజు కేటాయించండి.