వాన నీటి డ్రైనేజీ రుసుము: లెక్క సబబే, రాయితీ అరకొర

కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు పురపాలక సంఘాలు వసూలు చేసే వాన నీటి డ్రైనేజీ రుసుమును చాలామంది ఒక సేవకు ఇచ్చే ధరగా చూడరు; ఫైలు కదలడానికి కట్టవలసిన చలానాల్లో అదొకటి అనుకుని, ఆ మొత్తాన్ని ప్లాటు ధరలో కలిపేసి ఊరుకుంటారు. లేఅవుట్ల డ్రైనేజీ ప్లాన్లు గీయడమే వృత్తిగా ఉన్న నేను మాత్రం దీన్ని సేవగానే తూకం వేస్తాను, ఎందుకంటే లేఅవుట్ సరిహద్దు దాటిన వాన నీటిని మోసే పైపులు, పెద్ద కాలువలు సిద్ధమయ్యేది ఈ డబ్బుతోనే. మేము ప్లాన్ ఇచ్చిన ఒక లేఅవుట్‌కు అక్కడి పురపాలక సంఘం ఈ రుసుమును లెక్కగట్టిన తీరుపై నా అభిప్రాయం ఇది.

ముందుగా మెచ్చుకోవలసింది లెక్క వేసిన పద్ధతిని. ఒక హెక్టారు నేల మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడేది 5 లక్షల లీటర్ల నీరు. గడ్డి, మట్టి ఉన్న ఖాళీ నేలకు పారుదల గుణకం, అంటే పడిన వానలో ఇంకకుండా పారిపోయే వంతు, 0.2 అనుకుంటే అందులో లక్ష లీటర్లే పల్లానికి పారతాయి. అదే నేల మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఇళ్లు, రోడ్లు, సిమెంటు వాకిళ్లు వచ్చి గుణకం 0.6కు చేరితే 3 లక్షల లీటర్లు పారతాయి, అదీ మునుపటికంటే చాలా వేగంగా. లేఅవుట్ వల్ల పెరిగిన భారం ఆ 2 లక్షల లీటర్లే గనుక రుసుము కూడా ఆ పెరుగుదలను బట్టే ఉండాలి. ప్లాటుకు ఇంత అని వసూలు చేసే చోట చిన్న ఇల్లు కట్టుకునేవారు పెద్ద భవంతి నీటి భారాన్ని కూడా మోయవలసి వస్తుంది. ఎకరానికి ఇంత అనే పద్ధతి గుమాస్తాకు సులువే గాని, అందులో పార్కుకూ కాంక్రీటుకూ తేడా కనిపించదు.

ఈ సంఘం ఆ రెండు దారులనూ వదిలేసి, నీరు ఇంకని గట్టి ఉపరితలాన్ని ఆధారం చేసుకుంది. డిమాండ్ నోటీసు రెండో పేజీలో పైకప్పులు, రోడ్లు, కాలిబాటలు, ఖాళీ స్థలం అంటూ విడివిడి వరుసలు, ఒక్కొక్క దాని ఎదురుగా విస్తీర్ణం, గుణకం, వాటి లబ్ధం స్పష్టంగా ఉన్నాయి. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుంటే ఎవరైనా సరిచూసుకోగలరు. పన్నుల వ్యవహారాల్లో ఇంత తేటగా ఉన్న కాగితం అరుదుగా చేతికొస్తుంది.

నాకు అసలు అసంతృప్తి కలిగించింది రాయితీ విషయం. ఆ లేఅవుట్‌లో పల్లపు మూలన ఒక నిల్వ కుంట తవ్వించి, దాని తూము వెడల్పును కావాలనే తగ్గించాము. పెద్ద వాన కురిసినా, ఇళ్లు రాకముందు ఆ నేల నుంచి ఎంత జోరుగా నీరు పారేదో అంతకు మించి బయటికి వెళ్లకూడదన్నది దాని ఉద్దేశం, కుంట పట్టనంత నీరు వస్తే అది అలుగు మీదుగా సురక్షితంగా పొర్లడానికి వేరే దారి ఉంది. దిగువ పైపుల వెడల్పును నిర్ణయించేది ఈ గరిష్ఠ ప్రవాహమే కాబట్టి, దాన్ని తన ఖర్చుతో అదుపు చేసిన లేఅవుట్‌కు రుసుము తగ్గాలి. నోటీసులో మాత్రం ఆ కుంట ఖాళీ స్థలం వరుసలో కలిసిపోయింది, తగ్గింపు ఏమీ లేదు. కుంటలు కొన్నేళ్లకు పూడిపోతాయని అధికారులు చెప్పిన కారణాన్ని నేను కొట్టిపారేయను. పూడిక తీయని కుంటను నేనూ చూశాను. దానికి విరుగుడు నిర్వహణ ఒప్పందం, ఏటా తనిఖీ, మాట తప్పితే రాయితీ రద్దు. జర్మనీలో అనేక నగరాలు మురుగు నీటికీ వాన నీటికీ రుసుములు విడదీసి, వాన నీటి వంతును కాలువలోకి పారే గట్టి ఉపరితలాన్ని బట్టి వేస్తాయి, సొంత స్థలంలో ఇంకించుకున్న నీటికి భారం తగ్గుతుంది.

మరో లోపం, వసూలైన డబ్బు ఏ కాలువకు వెళ్తుందో నోటీసులో లేకపోవడం. పాత పేటల్లో ఏళ్ల తరబడి పేరుకున్న లోటును కొత్త ఇళ్ల కొనుగోలుదారుల నెత్తిన వేయడం న్యాయం కాదు. అమెరికాలో టైగర్డ్ నగరం ఒక దుకాణం విస్తరణకు అనుమతి ఇస్తూ, వాన నీటి డ్రైనేజీ కోసం వరద మైదానంలోని స్థలాన్ని వదలమని షరతు పెట్టిన డోలన్ కేసులో, అలాంటి షరతు ఆ నిర్మాణం కలిగించే ప్రభావానికి ఇంచుమించు అనుపాతంలో ఉండాలని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. స్థలానికి బదులు డబ్బు అడిగినా అదే నియమమని 2013లో కూంట్జ్ కేసులో తేల్చింది. ఆ తీర్పులు అక్కడివే అయినా, అవి కోరిన కొలత ఎక్కడైనా కోరదగినదే.

ఒక్కసారి కట్టే రుసుముతో నిర్మాణం అవుతుంది గాని పూడికతీత కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ నగరం 1974లోనే వాన నీటి నిర్వహణకు ప్రత్యేక విభాగం ఏర్పరచి, క్రమం తప్పని బిల్లుల ద్వారా ఖర్చు రాబట్టే మార్గం పట్టింది. ఈ సంఘంలో అలాంటి ఏర్పాటు లేదు, అందువల్ల కొత్త కాలువల శుభ్రత బడ్జెట్‌లో ఏటా మిగిలే సొమ్ము మీద ఆధారపడుతుంది.

అభ్యంతరాల విషయంలో సిబ్బంది మర్యాదగా వ్యవహరించారు. ఇంజనీరు స్వయంగా కూర్చుని రోడ్ల విస్తీర్ణంలో రెండుసార్లు కలిసిన కాలిబాటను తీసేసి నోటీసును సవరించారు. మొత్తం మీద ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. ఇక్కడ లేఅవుట్ వేయదలచినవారు ప్లాన్‌తో పాటే నిల్వ కుంట లెక్కలను, తూము కొలతలను, నిర్వహణ హామీని జతచేసి, నోటీసు రాకముందే రాయితీని రాతపూర్వకంగా కోరడం మంచిది. రుసుము కట్టేశాక అడిగితే తిరిగి చెల్లించే నిబంధన వారి వద్ద లేదు.